దొంగ కార్డుల లెక్క ఎవరు తేల్చారు బాబాయ్?

ఒక వాట్సాప్ ఫార్వర్డు పొద్దున్నే మా బాబాయి పంపారు. మధ్యాహ్నం ఆఫీసు గ్రూపులో వచ్చింది. రాత్రి పదో తరగతి మిత్రుల గ్రూపులో మూడు దండాలు, ఒక జెండా తగిలించుకుని మళ్ళీ వచ్చింది. సారాంశం ఇది: "రేషను, ఆధార్, అంగన్‌వాడీ, వాహనాల వివరాలన్నీ ఒకే కంప్యూటర్లోకి వచ్చేశాయి. లక్షల దొంగ కార్డులు ఎగిరిపోయాయి. ఇలాంటి వ్యవస్థ అమెరికాలో కూడా లేదు. ముఖం ఫోటో తీయమంటే గుడ్లు మింగే టీచర్లకు ఒళ్ళు మండుతోంది. పిల్లల్లో పోషకాహార లోపం 38 నుంచి 35 శాతానికి దిగింది, అంతా యాప్ మహిమ. పదిమందికి పంపండి."

అమెరికా ముచ్చట ముందు తేల్చేద్దాం. అక్కడి ఆహార సాయం కార్డును ఏ రాష్ట్రంలో ఇచ్చినా మరో రాష్ట్రంలోని కొట్లో గీకవచ్చు. అందుకు 2000లోనే చట్టం చేశారు. అయిపోయింది.

38, 35 అంకెలు నిజమైనవే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్ళలోపు పిల్లలు 2015-16లో 38.4 శాతం, 2019-21లో 35.5 శాతం. ఆ యాప్, అంటే అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్, మొదలైంది 2021 మార్చి 1న. మన రెండు రాష్ట్రాల్లో సర్వే బృందాలు ఇళ్ళు తిరిగి వెళ్ళిపోయింది 2019లో. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగం అప్పుడే పిల్లల ఎత్తు పెంచేశాడన్నమాట. అదే సర్వేలో తెలంగాణ అంకె 28 నుంచి 33.1 శాతానికి పెరిగింది. అది ఎవరి మహిమో రాయడానికి ఫార్వర్డులో చోటు చాలలేదు కాబోలు.

ఇక అసలు విషం "లక్షల దొంగ కార్డులు ఎగిరిపోయాయి" అన్న వాక్యంలో ఉంది. ఎగిరిపోయిన కార్డల్లా దొంగదేనని ఎవరు తేల్చారు? తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషను కార్డులు ఇల్లు చూడకుండా, కంప్యూటర్ పోలికల మీదే రద్దయ్యాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో కోర్టు చెప్పింది. ఆ ఏడాది జూలై నాటికి కార్డు పోయినవాళ్ళ దరఖాస్తులు సుమారు రెండు లక్షలు చూస్తే 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. ఏడున్నర శాతమే కదా అని మిత్రుడొకడు అన్నాడు. అంటే పదమూడిళ్ళకు ఒకటి. వాడి అపార్ట్‌మెంట్లో ప్రతి పదమూడో ఇంటికి నీళ్ళు కట్టేసి, ఐదారేళ్ళ తర్వాత "పొరపాటైంది" అంటే ఏం చేస్తాడో చూడాలని ఉంది.

పొరపాటు ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి ఇంజనీరు కానక్కర్లేదు, తెలుగువాళ్ళైతే చాలు. ఒక లక్ష్మి ఉందనుకోండి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషను కార్డులో అత్తింటిది. ఒకచోట ఇంటిపేరు ముందు పూర్తిగా, ఇంకోచోట చివర ఒక్క అక్షరంగా. ఇంగ్లీషులో లక్ష్మిని ఎక్స్‌తో రాసేవాళ్ళు ఒకరు, కెఎస్‌హెచ్‌తో రాసేవాళ్ళు ఒకరు, చివర అమ్మ తగిలించేవాళ్ళు మరొకరు. ఈ పట్టికలన్నీ కలపమంటే కంప్యూటర్ రెండు రకాలుగా తప్పుతుంది. ఆ లక్ష్మిని ముగ్గురు మనుషులను చేస్తుంది, లేదా పక్క వీధిలో కారున్న లక్ష్మీ, ఈవిడా ఒకరే అంటుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే మనిషిని ఇలాగే పేరు పోలికతో కారు యజమానిని చేసి, ఆ ఇంటికి బియ్యం ఆపేశారు. ఆయన తొక్కేదాన్ని ఒక్కసారి వెళ్ళి చూస్తే సరిపోయేది. కార్డు తీసేసే ముందు ఒక కాగితం పంపడానికి, ఒక మనిషి వెళ్ళి తలుపు తట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. వివరాలు పది శాఖలు పంచుకుంటాయి సరే, తప్పు జరిగితే బాధ్యత పంచుకునే శాఖ ఒక్కటీ కనబడదు.

అంగన్‌వాడీ టీచర్ల మాటకొస్తాను. అంగన్‌వాడీలో పిల్లలకు, తల్లులకు ఇంటికిచ్చే రేషనుకు ముఖం గుర్తింపు 2025 జూలై నుంచి తప్పనిసరి. ఆ తర్వాత ఒక రోజు మా ఊరి కేంద్రంలో కూర్చున్నాను. నాయనమ్మ మనవణ్ణి చంకనేసుకుని పిల్లలకిచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్ కోసం వచ్చింది. ఆధార్‌తో నమోదైంది తల్లి ముఖం. తల్లి మిరప కోతకు వెళ్ళింది. టీచర్ ఫోను పైకెత్తి గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, చివరికి "సాయంత్రం కోడల్ని పంపమ్మా" అంది. ముసలావిడ ఖాళీ సంచిని మడిచి మళ్ళీ చంకలో పెట్టుకుంది. ఫోను తన పని తాను సరిగ్గానే చేసింది, ఆ ముఖం తల్లిది కాదు మరి. ఆధార్ చూపలేదని ఏ పిల్లకూ పథకం ఆపకూడదని 2018లో సుప్రీంకోర్టు అంది. సాయంత్రం రమ్మంటే అది ఆపడం కాదట, వాయిదా.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అంగన్‌వాడీల పాత రిజిస్టరు పుస్తకాలు సత్యహరిశ్చంద్రులేమీ కావు. బడిలో చేరిన పిల్లాడు, పెళ్ళై వెళ్ళిన అమ్మాయి ఏళ్ళ తరబడి జాబితాలో ఉండి రోజూ గుడ్డు తిన్నట్టు రాసిన పేజీలు నేను కళ్ళారా చూశాను. మూడేసి చోట్ల అదే బరువు రాసే చాకిరీ తగ్గిందంటే టీచర్లే ముందు సంతోషిస్తారు. కలిపిన కంప్యూటర్ చేసిన మంచి పని కూడా మన దగ్గరే ఉంది. 2019 ఆగస్టులో ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటు దేశంలో మొదలైన రెండు జంటల్లో ఆంధ్ర, తెలంగాణలది ఒకటి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ కట్టడాల పనికి వచ్చిన కుటుంబం ఇక్కడి దుకాణంలో వేలు పెట్టి బియ్యం పట్టుకెళ్తుంది. అక్కడ కంప్యూటర్ అడిగేది "నీ బియ్యం ఎక్కడివ్వమంటావు?" అని. ఈ ఫార్వర్డుకు నచ్చిన కంప్యూటర్ అడిగేది "నిన్నెందుకు తీసేయకూడదు?" అని.

బాబాయ్, మీకు విడిగా ఒక మాట. మీ ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంది, పెన్షన్ కాగితాల్లో ముందుంది. పోయిన సంక్రాంతికి దాని గురించి మీరు అరిచిన అరుపులు పక్కింటికి వినబడ్డాయి.