మంచినీళ్లలోని "మంచి"ని లెక్కపెట్టిన కంప్యూటర్

పరిశోధక విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది: "ఇంటర్వ్యూలన్నీ కంప్యూటర్‌కు ఇవ్వండి. పక్షపాతం లేని ఫలితం అయిదు నిమిషాల్లో వస్తుంది. కూర్చుని చదవాల్సిన పని లేదు. ఇది సరికొత్త విప్లవం." అయిదు నిమిషాల్లో వస్తుందన్నది నిజమే. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధితుల మాటలు సేకరించి కంప్యూటర్‌కు ఇచ్చినదాన్ని కనుక చెబుతున్నాను, మిగతావి నిలవవు.

పక్షపాతం లేదా? కంప్యూటర్ చేసేది మాటలను కోవలవారీగా లెక్కపెట్టడం. ఏ మాట ఏ కోవలోకి వస్తుందో చెప్పే పదపట్టికను రాసేది మనిషే. మేం మొదట వాడిన పట్టికలో "మంచి" సంతోషాన్ని తెలిపే మాట. "మా ఊరికి మంచి నీళ్లు ఎప్పుడొస్తాయి?" అని ఎవరు అడిగినా అది సంతోషం ఖాతాలోనే పడింది. "బొక్కలు" సంగతి ఇంకా బాధాకరం. ఇక్కడ బొక్కలంటే ఎముకలు. పట్టిక రాసినవారికి బొక్క అంటే రంధ్రం. వంగిపోయిన ఎముకల గోడంతా పైపుల చిల్లులు, రోడ్ల గుంతల పక్కన చేరింది. యంత్రం చెప్పినట్టే చేసింది. చదివే మనిషికైతే పదోసారికైనా అనుమానం వచ్చేది.

చదవకుండా ఈ తప్పులు బయటపడవు. కొంత భాగాన్ని ఇద్దరు విడివిడిగా చదివి, ఏది ఏ కోవదో గుర్తులు పెట్టాలి. వారి మధ్య పొంతనను కొలిచే క్రిపెండార్ఫ్ ఆల్ఫా అనే లెక్క (పూర్తి పొంతన ఉంటే 1) కనీసం 0.80 ఉంటే నమ్మవచ్చంటారు. ఆ తర్వాతే యంత్రం ఫలితాన్ని వారి గుర్తులతో సరిచూడాలి. పైగా మన భాషలో నీళ్లు, నీటికి, నీళ్లల్లో అన్నవి విడమరిచి చెప్పకపోతే యంత్రానికి మూడు వేర్వేరు మాటలు.

కొత్తదీ కాదు. హార్వర్డ్‌లో ఫిలిప్ స్టోన్ బృందం ఇలా మాటలను కోవలవారీగా లెక్కపెట్టే "జనరల్ ఇంక్వైరర్" అనే ప్రోగ్రామును 1960లలోనే తయారుచేసింది. ఒకే మాటకు పలు అర్థాలుండే చిక్కు వాళ్లకూ ఎదురైంది.

కంప్యూటర్ వద్దని నేననడం లేదు. ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో, దానికి ముందూ వెనకా ఏముందో వరసగా చూపించమంటే, "పళ్లు" అన్నచోట "సంబంధం" పదే పదే కనిపించింది. గారపట్టిన పళ్లు చూసి పెళ్లివారు వెనుదిరుగుతున్నారన్న సంగతి చదివేటప్పుడు నేను పట్టించుకోలేదు. యంత్రం చూపాక వెనక్కి వెళ్లి ఆ ఇంటర్వ్యూలన్నీ మళ్లీ చదివాను.

వాటిలో ఒక పెద్దావిడది రెండే మాటలు: "చూడు బిడ్డా." అప్పుడు ఆమె చీర కొంచెం పైకి జరిపి మోకాళ్లు చూపించింది. కంప్యూటర్‌కు చేరింది ఆ రెండు మాటలే.