ట్యూనింగ్ స్క్రూ దొరవారి సముఖానికి

అయ్యా,

టెస్ట్ బెంచీ నుంచి విన్నపం. కావలసిన ఫ్రీక్వెన్సీల్ని పోనిచ్చి మిగతావాటిని ఆపే మైక్రోవేవ్ ఫిల్టర్ డబ్బాను శ్రుతి చేసే స్క్రూ తమరే కదా! రెండో ప్రపంచ యుద్ధంలో ఎంఐటీ రేడియేషన్ లాబొరేటరీవారు రాడార్ల కోసం వేవ్‌గైడ్ (తరంగాలు నడిచే లోహపు గొట్టం) ఫిల్టర్లు చేసేనాటికే తమరు కొలువుదీరి ఉన్నారు. 1957లో కోన్ అనే ఇంజనీరు, రిజొనేటర్లను (ఒక ఫ్రీక్వెన్సీకే పలికే భాగాల్ని) నేరుగా ఒకదానికొకటి కలిపే డైరెక్ట్ కపుల్డ్ ఫిల్టర్ల లెక్క తేల్చాడు, తమరు కదల్లేదు. 1970ల్లో ఉపగ్రహ కంపెనీ కామ్‌శాట్‌లో అతియా, విలియమ్స్ ఒక్క కేవిటీతో (లోహపు గదితో) రెండు రిజొనేటర్ల పని చేయించి ఉపగ్రహాల బరువు తగ్గించారు. ఆ గదిలోని రెండు మోడ్‌లకూ (తరంగం ఊగే తీరులకూ) ముడిపెట్టడానికి 45 డిగ్రీల కోణంలో పురోహితుడిలా నిలబడిందీ తమరే! ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌ను మైక్రాన్ల లెక్కన గీసిస్తోంది. అయినా డబ్బా బెంచీ ఎక్కాక తమ తల తిప్పక తప్పడం లేదు.

ఎనిమిది కేవిటీల కాంబ్‌లైన్ (గదికో లోహపు కడ్డీ ఉన్న ఫిల్టర్) తీసుకుందాం. 1998లో నెస్ అనే ఇంజనీరు చెప్పిన పద్ధతిలో స్క్రూలన్నీ అడుగంటా దింపాలి. మొదటిదాన్ని లేపి, గ్రూప్ డిలే (తిరిగొచ్చే సిగ్నల్ ఎంత ఆలస్యమైందో చూపే) గీత సెంటర్ ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ సమంగా వచ్చేలా సర్దాలి. తర్వాత రెండోది, మూడోది. చదవడానికి భేషుగ్గా ఉంటుంది. ఆరోది దాటాక చూడాలి, కప్పల తక్కెడే! ఎం4 స్క్రూ ఒక చుట్టుకు కదిలేది 0.7 మిల్లీమీటర్లు. అందులో పిసరంత తేడాకే తమరు అలుగుతారు.

అసలు అలక లాక్ నట్ దగ్గర. రిటర్న్ లాస్ (సిగ్నల్ వెనక్కి కొట్టడం ఎంత తగ్గిందో చెప్పే లెక్క, ఎక్కువుంటే మేలు) 22 డీబీ చూపిస్తుంది, నట్ బిగించగానే 16కి జారుతుంది. మర చుట్ల మధ్య ఉన్న సందు మేరకు నట్ తమర్ని పైకి లాగుతుంది. కింద ఖాళీ పెరిగి, కెపాసిటెన్స్ తగ్గి, ఫ్రీక్వెన్సీ ఎగబాకుతుంది. అందుకే నట్‌ను సగం బిగువులో ఉంచి, ఫ్రీక్వెన్సీని కాస్త కిందికే వదిలి, స్క్రూడ్రైవర్‌తో తమ తల పట్టుకుని స్పానర్ తిప్పుతాం. పోనీ వదులుగా వదిలేద్దామా? మర చుట్ల దగ్గర పట్టు సరిగా లేక, రెండు క్యారియర్లు (సమాచారం మోసే తరంగాలు) కలిసి మూడోదాన్ని కని రిసీవర్ ఒళ్ళో పడేస్తాయి.

64 చానెళ్ల 5జీ యాంటెన్నాల్లో తమకు బదులు సిరామిక్ ఫిల్టర్లు దించారు. వాటికి పైనున్న వెండి పూత గీకి ట్యూన్ చేయాలి. ఎక్కువ గీకితే దిమ్మ చెత్తబుట్టకే. తమరు కనీసం వెనక్కి తిరుగుతారు.

ఇట్లు,
తమ గాడి అరగదీసినవారు

తా.క.: ఐదో కేవిటీలో ఉన్న తమరు వెంట్రుకవాసి పైకి రావాలి. నట్ ఇంకా బిగించలేదు.