జట్టులో తాతయ్యకూ చోటివ్వండి

నాసా ఉచితంగా ఇచ్చే సమాచారంతో ఏదైనా ఒక సమస్యకు జట్లుగా పరిష్కారం వెతికే పోటీ నాసా స్పేస్ యాప్స్ చాలెంజ్. ఇది 2012 నుంచి జరుగుతోంది. సాధారణంగా అక్టోబరు మొదట్లో, ఒక శని, ఆదివారాల్లో ఉంటుంది. ప్రవేశ రుసుము లేదు. జట్టులో ఆరుగురి వరకు ఉండవచ్చు. ఇస్రోతో పాటు పలు దేశాల అంతరిక్ష సంస్థలు ఇందులో భాగస్వాములు. మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇందులో చేరుతున్నందుకు నాకు చాలా సంతోషం. అయితే వాళ్లను మనం పంపే తీరు మాత్రం మారాలి.

కోడింగ్ బాగా వచ్చిన పిల్లలను ఒకచోట చేర్చి, కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి పనికొస్తుందని దింపి వస్తున్నాం. వాళ్లు అందమైన యాప్ చేస్తారు. అది ఎవరికి, ఏ పనికి అని అడిగితే జవాబుండదు. సమాచారానికి కొరత లేదు. ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సి వచ్చిన లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. ఆ సమాచారాన్ని ఏమడగాలో తెలిసినవాళ్లే జట్టులో ఉండటం లేదు.

నిరుడు నేను సలహాదారుగా ఉన్న జట్టు అనంతపురం వేరుశనగను ఎంచుకుంది. ఉపగ్రహాల ఆధారంగా నాసా ఇచ్చే ఐమెర్జ్ వర్షపాత సమాచారం అరగంటకొకసారి, సుమారు పది కిలోమీటర్ల గడుల్లో దొరుకుతుంది. పిల్లలు ఖరీఫ్ వాన మొత్తం కూడి, సగటుతో పోల్చి, వాన సరిపోయిందని పటం మీద చాలా గడులకు పచ్చరంగు వేశారు. అంతలో ఒక అబ్బాయి తాతయ్య భోజనం తీసుకుని వచ్చారు. పటం కాసేపు చూసి, "మొత్తం వాన సరే నాయనా, ఊడలు దిగేటప్పుడు పడిందా లేదా?" అని అడిగారు.

పిల్లలకు ఊడలంటే తెలియదు. ఆయనే కూర్చుని చెప్పారు. వేరుశనగ పూత పైన, కాయ నేలలో. పూత రాలాక అక్కడి నుంచి వచ్చే సన్నని కాడ, అంటే ఊడ, మట్టిలోకి దిగాలి. పైమన్ను ఎండి గట్టిపడితే దిగదు, దిగకపోతే కాయ లేదు. ఎంత వాన పడిందన్నదానికంటే ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. ఉత్తర కార్తెకూ వాన రాకపోతే ఇక గంప ఎత్తుకుని ఊరు విడవాల్సిందేనని, "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన రైతులు ఊరికే అనలేదు.

ఆ రాత్రి లెక్క మారింది. విత్తిన 40 నుంచి 60 రోజుల మధ్య వాన లేని రోజులు వరుసగా ఎన్ని వచ్చాయో చూశారు. దానికి స్మాప్ ఉపగ్రహం ఇచ్చే నేల తేమను జోడించారు. స్మాప్ కొలిచేది నేల పై 5 సెంటీమీటర్ల తేమ. ఊడలు దిగేదీ దాదాపు ఆ పొరలోనే! పచ్చగా ఉన్న గడులు కొన్ని ఎర్రబడ్డాయి. స్మాప్ గడులు మరీ పెద్దవి కాబట్టి ఈ పటం ఒక్కొక్క పొలం సంగతి చెప్పలేదని కూడా పిల్లలు కిందే రాశారు. వాళ్ల పని మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ వాక్యమే.

పెద్దలు తలదూరిస్తే పిల్లల సొంత పని ఎలా అవుతుందని కొందరు అంటున్నారు. ఈ పోటీకి వయోపరిమితే లేదు. తాతయ్య కోడ్ రాయలేదు, ప్రశ్న అడిగారు. వ్యవసాయం, చేపల వేట, నేత, నర్సు పని చేసి వచ్చిన పెద్దలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లను పిల్లలను చూసుకోవడానికే పరిమితం చేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ముందు అవకాశం ఇంకా పెద్దది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ 12 రోజులకోసారి అదే నేలను రాడార్‌తో మళ్లీ చూస్తుంది. మబ్బు పట్టినా, చీకటైనా దానికి అడ్డు కాదు. ఖరీఫ్‌లో నెలల తరబడి మబ్బులు కమ్మే మన పొలాలకు ఇంతకంటే కావలసింది ఏముంది? ఆ సమాచారం కూడా ఉచితమే.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా విన్నపాలు రెండు. 2025లో ఈ పోటీ అక్టోబరు 4, 5 తేదీల్లో, సరిగ్గా దసరా సంబరాల వారాంతంలోనే వచ్చింది. ఇకపై ఆ తేదీలు చూసుకుని మన వేడుక పెట్టుకుందాం. అలాగే ఈ పోటీని మన ఊళ్లో నిర్వహించడానికి మనమే దరఖాస్తు చేద్దాం. హాలు మనకుంది, వంట చేసేవాళ్లున్నారు. ప్రతి జట్టులో కనీసం ఒక పెద్దాయనో, పెద్దమ్మో ఉండేలా పేర్లు సేకరించే పని నేను చూసుకుంటాను.