గ్లూ గన్‌కు మరమ్మతు లేదన్న మాట ఎంతవరకు నిజం?

ప్రొద్దుటూరులో నగల పెట్టెలు, పెళ్లి సారె పళ్లేలు తయారుచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతోంది. గ్లూ గన్ (జిగురు పుల్లను కరిగించి అతికే పరికరం) వేడెక్కలేదంటే హీటర్ పోయినట్టేననీ, దానికి మరమ్మతు లేదనీ, విప్పితే ప్లగ్ తీసినా షాక్ కొడుతుందనీ, జిగురు కారుతోందంటే గన్ ఆయుష్షు తీరినట్టేననీ, మాటిమాటికీ ఆపితే హీటర్ కాలిపోతుంది కాబట్టి పొద్దున వేసిన స్విచ్ సాయంత్రం దాకా ఆపకూడదనీ, కొత్తది కొనేటప్పుడు వాట్లు ఎక్కువుంటే వేడీ ఎక్కువనీ అందులో ఉంది. రోజూ నాలుగు గన్‌లు నడిచే చిన్న కార్ఖానా నాది. ఈ మాటల్లో ఒక్కదానిలో మాత్రం కొంత నిజముంది; దాన్ని చివర ఒప్పుకుంటాను.

ముందుగా హీటర్ సంగతి. మనం వాడే మామూలు గన్‌లలో ఉండేది నిక్రోమ్ అనే లోహపు తీగ చుట్ట కాదు, బేరియం టైటనేట్‌తో చేసిన చిన్న పింగాణీ బిళ్ల. దాన్ని పీటీసీ అంటారు. చల్లగా ఉన్నప్పుడు కరెంటును ధారాళంగా పోనిస్తుంది, నిర్ణీత వేడికి చేరగానే తన నిరోధాన్ని అమాంతం పెంచుకుని కరెంటును తానే తగ్గించుకుంటుంది. అందువల్ల దీనికి వేరే థర్మోస్టాట్ అక్కర్లేదు, అది అంత తేలిగ్గా కాలిపోదు కూడా. నా బల్ల మీదికి వచ్చిన చల్లబడ్డ గన్‌లలో ఎక్కువ వాటికి పోయింది హీటర్ కాదు, వైరు. పనివాళ్లు గన్‌ను రోజంతా అటూ ఇటూ తిప్పుతుంటే పిడిలోకి వైరు దూరే చోట లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి, పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ప్లగ్ తీసి, గన్ విప్పి, మల్టీమీటర్‌తో వైరు ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తూ పిడి దగ్గర వంచితే, బీప్ వచ్చి ఆగి మళ్లీ వస్తే, దొంగ అక్కడే దొరికినట్టు. ఆ తెగిన జానెడు ముక్కను కోసేసి మిగిలిన వైరును మళ్లీ బిగిస్తే గన్ బతుకుతుంది.

ఇక్కడ మన ఎలక్ట్రీషియన్లు తరచూ చేసే పొరపాటు ఒకటి చెప్పక తప్పదు. హీటర్ దగ్గరి అతుకును సీసం, తగరం కలిసిన టంకంతో అతికి, పైన మామూలు ప్లాస్టిక్ టేపు చుడతారు. ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. వేడెక్కిన గన్‌లో హీటర్ చుట్టుపక్కల దాదాపు అంతే వేడి ఉంటుంది. టేపు అంతకంటే చాలా ముందే మెత్తబడి జారిపోతుంది. రెండు రోజుల్లో అతుకు ఊడితే నింద మళ్లీ గన్ మీద పడుతుంది, సందేశం రాసినవారికి మరో సాక్ష్యం దొరుకుతుంది. హీటర్ వైపు అతుకును లోహపు గొట్టంతో నొక్కి బిగించి, పైన గాజునార తొడుగు వేయాలి. ప్లగ్ వైపు వైరుకు మాత్రం టేపైనా సరిపోతుంది.

షాక్ భయం విషయానికొస్తే, ప్లగ్ తీసిన తరువాత కూడా షాక్ కొట్టాలంటే లోపల కరెంటును నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్ ఉండాలి. మామూలు గ్లూ గన్‌లో అది లేదు. అయితే స్విచ్ ఆపితే చాలనుకోవడం ప్రమాదం, ఎందుకంటే వైరింగ్ తారుమారైన పాత ఇళ్లలో స్విచ్ ఫేజును కాక న్యూట్రల్‌ను తెంపుతూ ఉండవచ్చు. ప్లగ్ పూర్తిగా పీకి, గన్ చల్లారాకే విప్పాలి.

జిగురు కారడం గురించి సందేశం చెప్పింది పూర్తిగా తలకిందులైన మాట. జిగురు వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి నాజిల్ నుంచి కాస్త ఊరడం సహజం. కింద ఒక రేకు ముక్క పెడితే సరిపోతుంది. ఎక్కువగా కారుతుంటే, లేదా వెనక నుంచి పిడిలోకి జిగురు పొర్లుతుంటే, ముందు చూడవలసింది జిగురు పుల్లను. మార్కెట్లో 7 మిల్లీమీటర్ల సన్న పుల్లలు, 11 మిల్లీమీటర్ల లావు పుల్లలు దొరుకుతాయి. లావు గన్‌లో సన్న పుల్ల దూరిస్తే కరిగిన జిగురు పక్కల నుంచి వెనక్కి తన్నుతుంది. పుల్ల సరైనదే అయితే, జిగురు కరిగే గది వెనక ఉండే సిలికాన్ గొట్టం చిరిగి ఉంటుంది. సగం వాడిన పుల్లను వెనక నుంచి బలంగా లాగేవాళ్ల చేతిలో అది త్వరగా చిరుగుతుంది. కడప ఎండల్లో రేకుల షెడ్డు కింద వదిలేసిన పుల్లలు మెత్తబడి వంగి, ట్రిగ్గర్ నొక్కితే ముందుకు కదలక ఇరుక్కుంటాయి. అప్పుడు కూడా గన్ పాడైందనే అంటారు. నీడలో, డబ్బాలో పెట్టుకోవడం తప్ప దీనికి మరమ్మతు ఏమీ లేదు.

స్విచ్ ఆపవద్దన్న సలహా మాత్రం నష్టం చేసేది. మన పుల్లల్లో ప్రధానంగా ఉండేది ఈవీఏ అనే ప్లాస్టిక్. దాన్ని గంటల తరబడి వాడకుండా కాగనిస్తే రంగు మారి, గడ్డకట్టి, చివరికి మాడి నాజిల్‌ను పూడ్చేస్తుంది. అరగంటకు మించి పని లేకపోతే ఆపేయడమే మేలు. పూడిన నాజిల్‌ను థిన్నర్‌తోనో పెట్రోలుతోనో కడిగేవాళ్లను కూడా చూశాను. వేడి గన్ దగ్గర ఆ సీసా మూత తీయడమే నేరం. గన్ వేడెక్కాక ప్లగ్ పీకి, నాజిల్‌ను శ్రావణంతో విప్పి, పాత నూలు గుడ్డతో తుడిచి, సన్న తీగతో రంధ్రం సాఫీ చేస్తే చాలు.

వాట్ల లెక్క కూడా తప్పే. 20 వాట్ల గన్, 100 వాట్ల గన్ ఇంచుమించు ఒకే వేడిని చేరవచ్చు. తేడా నిమిషానికి ఎంత జిగురు కరిగించగలవన్నదే. వెల్వెట్ అంచులు అతికే అమ్మాయికి 100 వాట్ల గన్ ఇస్తే చేతులు కాలడం, జిగురు వృథా కావడం తప్ప ఒరిగేది లేదు. సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు గన్ మందగించడం కూడా ఇలాంటిదే, అది జబ్బు కాదు.

ఇక ఒప్పుకోవలసిన మాట. పీటీసీ బిళ్లను కరిగే గది నుంచి వేరుచేసే పసుపు రంగు పల్చటి పాలీఇమైడ్ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పొర చిరిగినా, బిళ్ల పగిలినా, గది చుట్టూ ప్లాస్టిక్ కరిగి లోహం బయటపడినా, ఆ గన్‌ను పారేయాల్సిందే. ఆ పొర లేకపోతే 230 వోల్టులు నేరుగా నాజిల్ దాకా వస్తాయి, మనిషికి ప్రాణాపాయం కావడానికి ఆంపియర్‌లో చిన్న భాగం చాలు. మూడు వందల రూపాయల గన్ కోసం అలాంటి మరమ్మతు నేను చేయను, చేయించను. పారేసే ముందు దాని ట్రిగ్గర్, స్ప్రింగ్, నాజిల్ మాత్రం తీసి డబ్బాలో వేసుకుంటాను.