వీడియో కాల్ వెయిటింగ్ రూమ్ గారికి

అయ్యా,

నిన్న ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ కోసం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగూ పది దాకా మీ సన్నిధిలో కూర్చున్న బీటెక్ మూడో ఏడాది కుర్రాణ్ణి. గుర్తుండకపోవచ్చు. వేసవిలో మీ దగ్గర రద్దీ ఎక్కువ కదా. తెల్ల చొక్కా వేసుకున్నాను. కింద నిక్కరే, అది మీకు కనపడలేదు లెండి.

"ఎవరైనా రానివ్వగానే మీరు లోపలికి వెళ్తారు" అన్నారు. ఎంత మర్యాద! ఆ ఎవరైనా ఎవరో మాత్రం చెప్పలేదు.

మీ రాక కోసం మా ఇంట్లో జరిగిన ఏర్పాట్లు చిన్నవి కావు. వెనక గోడ ఖాళీగా కనపడాలని వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తీసేశాం. మేకు మిగిలింది. ఫ్యాన్ గరగరమంటుందని ఆపేశాం. రోహిణి కార్తెలో, పల్నాడులో, తలుపులేసుకుని ఫ్యాన్ లేకుండా కూర్చోవడమంటే ఏమిటో మీకెలా తెలుస్తుంది? మీరుండేది ఏసీ వేసిన సర్వర్ గదుల్లోనాయె. అమ్మ ఆవకాయకి పాతిక కాయలు కడిగి, తుడిచి, కొట్టడానికి కూర్చుంది. కత్తి చప్పుడు మైకులో పడుతుందని బతిమాలాను. "అరగంటే కదా నాన్నా, ఆగుతాలే" అంది. మూడింటికి తలుపు సందులోంచి చేత్తో "అయిందా?" అని సైగ చేసింది. మూడున్నరకి సైగ చెయ్యడం కూడా మానేసింది.

ఇక్కడిదాకా రావడమే ఒక తతంగం. రెజ్యూమే అప్‌లోడ్ చేయమంటారు. చేశాక అందులో ఉన్నదంతా మళ్ళీ పెట్టెల్లో టైప్ చేయమంటారు. ఫ్రెషర్లకి మాత్రమేనట, ఏడాది అనుభవం ఉంటే మేలట. లోపలివాళ్ళ సిఫారసు, అదే రిఫరల్, అడిగితే సీనియర్ "పంపు బ్రో, చూస్తా" అన్నాడు, మార్చిలో. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉందిగా అన్నాడు బాబాయి. 2024లో మొదలుపెట్టినప్పుడు టాప్ 500 కంపెనీలు, నెలకి 5,000. అప్పటి షరతులు చూశాను: 21 నుంచి 24 ఏళ్లుండాలి, రెగ్యులర్‌గా చదువుకుంటూ ఉండకూడదు. నాకు 20, పైగా చదువుకుంటున్నాను. రెండు తప్పులూ నావే.

సరే, ఇదంతా మామూలే. నాలుగూ పదికి మిమ్మల్ని మూసేసి, ఫ్యాన్ వేసుకుని, మెయిల్ తెరిచాను.

"అభినందనలు! ఇంటర్వ్యూలో మీ కమ్యూనికేషన్ స్కిల్స్ మా ప్యానెల్‌ని ఎంతగానో ఆకట్టుకున్నాయి. సీటు ఖాయం చేసుకోవడానికి రిజిస్ట్రేషన్ ఫీజు 2,999 ఈ రాత్రి పన్నెండులోగా చెల్లించగలరు."

ఏ ఇంటర్వ్యూ అండీ? ఏ ప్యానెల్? రెండు గంటల పది నిమిషాల్లో నేను నోరు తెరిచింది ఒక్కసారి, "అమ్మా, మంచినీళ్లు" అని. అదీ మ్యూట్‌లో. దానికే అంతగా ముగ్ధులయ్యారంటే వాళ్ళంత రసజ్ఞులు దేశంలో ఉండరు. వెళ్ళి పని నేర్చుకుని నాలుగు రాళ్ళు తెచ్చుకోమన్నారు పెద్దలు. ఇదేమిటి, రాళ్ళు నేనే మోసుకెళ్ళి వాళ్ళకివ్వాలా? దొంగతనానికి వచ్చినవాడైనా ముందు ఇంటర్వ్యూకి పిలిచి ఉక్కపోతలో కూర్చోబెట్టడు!

కాలేజీలో చెబితే సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "ఏదో ఒక సర్టిఫికెట్ తేవయ్యా, లేకపోతే క్రెడిట్లు రావు" అన్నారు. మా క్లాసులో సగం మంది తెచ్చారు. అందరిదీ ఒకటే సంతకం, అందరూ చేసింది ఒకటే ప్రాజెక్టు: ఇళ్ల ధరలు ఊహించడం. ఆ ధరలన్నీ అమెరికావి. నరసరావుపేటలో సెంటు ఎంతో ఒక్కడికీ తెలీదు.

రాత్రి ఎరువుల కొట్టు కట్టేసి వచ్చాక నాన్న అంతా విన్నారు. "బస్తాలు దించే పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే టీ డబ్బులిస్తాం కదరా. వీళ్ళు నిన్నే అడుగుతున్నారా?" అన్నారు. ఇంకేమీ అనలేదు. పదకొండున్నరకి ఫోన్ తీసి, "ఏదిరా ఆ క్యూఆర్ కోడ్, ఇటు చూపించు" అన్నారు.

కట్టేశాం.

నిజం చెప్పాలంటే ఈ మొత్తం వ్యవహారంలో నాతో అబద్ధం ఆడనిది మీరొక్కరే. ఎవరైనా రానిస్తేనే అన్నారు, ఎవరూ రానివ్వలేదు. అందుకే మీ మీద కోపం నిలవట్లేదు.

రేపు పదకొండింటికి ఓరియెంటేషన్ అట. లింక్ పంపారు. మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. ఈసారి ఫ్యాన్ ఆపను.

ఇట్లు,
సీటు ఖాయమైన అభ్యర్థి