బురదే కదా అన్నారు

ఇప్పుడే ఫోన్ మంచం మీద పడేసి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. మా వైపు వాళ్లు తప్పకుండా చదవండి.

జరిగింది చిన్న విషయమే. డిసెంబరు సెలవులకి ఇంటిల్లిపాదీ కాకినాడ వెళ్దామనుకున్నాం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి గౌతమిలోనే తిరిగి రావడం, మధ్యలో మూడు రోజులు అక్కడ. ఆ మూడింటిలో ఒక్క రోజు నాకు కావాలన్నాను. కోరంగి మడ అడవికి. పిల్లలకి నేనే దగ్గరుండి చూపించాలని నెల రోజులుగా కాగితం మీద రాసుకుంటున్నాను. ఈ సాయంత్రం మా మరిది ఫ్యామిలీ గ్రూపులో తన ప్లాన్ పెట్టాడు. లేటుగా లేచి టిఫిన్లు చేసి, పదకొండున్నరకి కోరంగి చేరాలి. పన్నెండున్నరకి బయల్దేరి యానాం. ఇక సాయంత్రం దాకా యానాంలోనే. నా రోజు కాస్తా గంట అయిపోయింది. అదేంటి అని అడిగితే, "వదినా, అక్కడ చూడ్డానికేముంది? బురదే కదా. బోటెక్కి నాలుగు ఫొటోలు దిగితే అయిపోతుంది" అన్నాడు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. ఏడు. అందులో ఒకటి మా ఆయనది.

బురదే కదా.

అవును, బురదే. ఆ బురద చూడ్డానికే వెళ్లాలి. మూడొంతుల మందికి ఈ సంగతే తెలియదు. పులి కనబడాలి, ఏనుగు కనబడాలి, లేకపోతే అడవి కాదనుకుంటారు. కోరంగి పులుల అడవి కాదు. గోదావరి కొండల నుంచి మోసుకొచ్చిన ఒండ్రుని సముద్రం దగ్గర దింపుకుంటూ పోతే, రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్లు ఎక్కి దిగే ఆ మెత్తటి నేల మీద మొలిచిన అడవి అది. 1978లో అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీదే తగులుతుంది, ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. అంత దగ్గర కావడమే దాని ఖర్మ అయిపోయింది. దారిలో ఉంది కాబట్టి దిగి ఓ చూపు చూసేసి పోదామనుకుంటారు.

పదకొండున్నరకి వెళ్తే ఏం కనిపిస్తుంది? ఎండ కనిపిస్తుంది. జనం కనిపిస్తారు. పిట్టలు తెల్లారి తింటాయి, మళ్లీ ఎండ వాలాక తింటాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, అక్కడ గడియారం మనది కాదు. పోటు, పాటు. పోటు మీద నీళ్లు కాలవల్లోకి ఎక్కుతాయి, పాటుకి దిగిపోతాయి. బోటు హాయిగా తిరగాలంటే పోటు ఉండాలి. బురద మీద బతికేవి కనబడాలంటే పాటు ఉండాలి. ఇవి రోజూ ముప్పావుగంట, ఇంకాస్త అటూఇటూగా ఆలస్యమవుతుంటాయి. అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోటు, అష్టమి దగ్గర చప్పగా ఉంటుంది. మా తాతయ్యకి చేతికి వాచీ లేదు. తిథి చెప్తే చాలు, ఏ వేళకి ఏ కాలవలో ఎన్ని నీళ్లుంటాయో చెప్పేవాడు. అలాంటి చోటికి హోటల్లో టిఫిన్ ఎప్పుడు దొరుకుతుందో చూసుకుని టైము పెడతారా?

పాటు తీశాక కాసేపు కదలకుండా, మాట్లాడకుండా నిలబడండి. ముందు ఏమీ ఉండదు. తర్వాత బురదలో చిల్లులన్నీ కదులుతాయి. ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీతలు వందలకొద్దీ పైకొచ్చి ఆ చెయ్యి ఊపుతాయి. చేపలు గెంతుతాయి, నీళ్లలో కాదు, బురద మీద. లకుముకి పిట్ట కొమ్మ మీద నుంచి రాయిలా పడుతుంది. అదృష్టం బాగుంటే నీటికుక్కలు నాలుగైదు కలిసి కాలవ దాటుతూ కనిపిస్తాయి. బావురుపిల్లి పగలు కనబడదు, అది రాత్రి తిరుగుతుంది. ఈత కొట్టి చేపలు పట్టే పిల్లి అది. కానీ తెల్లారి బురదలో దాని అడుగులుంటాయి, చూసే కళ్లు కావాలంతే. కొత్త జనం తొక్కేయక ముందే వెళ్లాలి.

చెట్ల దగ్గరికొస్తే మా అమ్మని మించినవాళ్లు లేరు. నల్లమడ, తెల్లమడ వేళ్లు పెన్సిళ్లు గుచ్చినట్టు బురదలోంచి పైకి లేచి ఉంటాయి. ఆ నేలలో గాలి ఆడదు కాబట్టి వేళ్లే పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. మడ ఆకుని కింది వైపు నాలికతో అంటించి చూస్తే ఉప్పగా ఉంటుంది, చెట్టు తాగిన ఉప్పుని అక్కడ నుంచి కక్కేస్తుంది. ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఈటెలా దిగి బురదలో గుచ్చుకుంటుంది. తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు అమ్మ. పాలు కంట్లో పడితే కళ్లు పోతాయని, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ చెట్టు దాటించేది. ఇవన్నీ నా పిల్లలకి చెప్పడానికి గంట సరిపోతుందా? హైదరాబాదులో పుట్టారు వాళ్లు. బురద అంటే స్కూలు యూనిఫాంకి అంటే మరక అనే తెలుసు.

చలికాలంలో వెళ్లాలని ఎందుకు పట్టుబట్టానో కూడా ఎవరూ అడగలేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తరాది నుంచి పిట్టలు దిగుతాయి. సైబీరియా వైపు గుడ్లు పెట్టుకుని, వేల కిలోమీటర్లు ఎగిరి, మన కాకినాడ ఇసుక మేటల మీద వాలే ఉల్లంకి పిట్టలున్నాయి. కింది ముక్కు పొడుగ్గా ఉండి, నీటిని కత్తితో కోసినట్టు కోసుకుంటూ ఎగిరే స్కిమ్మర్లున్నాయి. ప్రపంచంలో కొన్ని వేలే మిగిలాయి. వాటిని చూడ్డానికి వేరే రాష్ట్రాల నుంచి కెమెరాలు మోసుకుని వస్తారు. మనకేమో దారిలో గంట స్టాపు.

ఇక యానాం. అక్కడికి ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు. పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ మందు చవక. గోదావరి ఒడ్డున కూర్చుని చల్లగాలి పీల్చుకోవడానికి వెళ్తే నేనూ వస్తాను, యానాం అంటే నాకు ఇష్టమే, వర్షాకాలంలో పులసకి చిన్నప్పుడు నాన్నతో వెళ్లేదాన్ని. కానీ కోరంగిని, యానాంని ఒకే రోజులో కుక్కితే ఏం జరుగుతుందో కిందటిసారి కళ్లారా చూశాను. యానాం నుంచి వచ్చేటప్పుడు ఆగిన వాళ్లు చెక్కదారి మీద పాటలు పెట్టుకుని గంతులు వేశారు. తాగేసిన సీసా ఒకటి మా పిల్ల చూస్తుండగానే మడ వేళ్ల మధ్యలోకి విసిరారు. గాజు సీసా. ఆ బురదలో చెప్పుల్లేకుండా దిగి పీతలు పట్టేవాళ్లున్నారు. చేతులు మోచేతి దాకా కన్నాల్లో పెట్టి మండపీతలు తీసేవాళ్లున్నారు. మా తాతయ్య అరికాలికి అలాంటి గాజుపెంకు గుచ్చుకుని నెల రోజులు వేటకి పోలేదు. ఆ నెల ఇంట్లో ఏం తిన్నారో నేను మా అమ్మమ్మ నోట విన్నాను. అందుకే ఆ రోజు ఆ కుర్రాళ్ల మీద అరిచాను. పరువు తీశానని మావాళ్లు ఇప్పటికీ అంటారు. మళ్లీ అలాంటిది చూస్తే మళ్లీ అరుస్తాను.

అసలు నాకు కోపం మరిది మీద కాదేమో. ఆ మాట మీద. బురద.

ఆరో క్లాసుకి నన్ను కాకినాడలో మా పెద్దమ్మ ఇంట్లో పెట్టి చదివించారు. మొదటి వారంలోనే ఒక టీచరు నన్ను లేపి ఏ ఊరని అడిగింది. చెప్పాను. "ఓహో, ఆ బురద ఊరా" అంది. క్లాసంతా నవ్వింది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అమ్మమ్మ నా సంచిలో ఎండురొయ్యలు పెట్టి పంపేది, ఆ వాసన పుస్తకాలకి పట్టేది. ఇక నా పేరు ఎవరూ పిలవలేదు. మూడేళ్లు, బురదపిల్ల. పక్కన కూర్చునేవాళ్లు కాదు. నేను మా ఊరి పేరు చెప్పడం మానేశాను. కాలేజీలో కాకినాడ అనేదాన్ని, హైదరాబాదులో ఉద్యోగంలో కూడా కాకినాడే. పెళ్లిచూపుల్లో కూడా అమ్మ ముందే చెప్పింది, కాకినాడ అను చాలు అని. ఇవాళ ఆ ఏడు నవ్వు బొమ్మలు చూడగానే ఆరో క్లాసు బెంచీ మీద నిలబడ్డట్టు అయిపోయింది. ఇది మా ఆయనకి ఎలా చెప్పను? పదహారేళ్లయింది పెళ్లయి, ఈ సంగతి ఆయనకి తెలియదు.

ఆ బురద ఊరు ఒకప్పుడు ఏమిటో తెలుసా? కోరంగి రేవు. ఓడలు కట్టేవాళ్లు, ఓడలు ఆగేవి, ఇక్కడ నుంచి బర్మాకి జనం వెళ్లేవాళ్లు. రంగూన్‌లో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు, మనిషిని ఊరి పేరుతోనే పిలిచేంతగా. 1789లో ఒక తుఫాను ముంచేసింది. మళ్లీ లేచింది. 1839 నవంబరులో ఇంకో తుఫాను వచ్చింది, ఆ తర్వాత ఆ రేవు లేవలేదు. 1840లలో కలకత్తాలో ఉండి తుఫానుల మీద పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 కోరంగి తుఫాను గురించి కూడా రాశాడు. సైక్లోన్ అనే మాట పుట్టించింది ఆయనే. ఇప్పుడు టీవీలో నల్లటి అక్షరాలతో సైక్లోన్ హెచ్చరిక పడినప్పుడల్లా నాకు మా ఊరే గుర్తొస్తుంది.

మా తరానికి గుర్తున్నది 1996. నవంబరు 6 రాత్రి. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకెళ్లిన బోట్లు ఎన్నో తిరిగి రాలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తెల్లారాక తాతయ్య ఇంట్లోంచి బయటికొచ్చి, మడ వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. దేవుడి ఫొటోకి కాదు. "అది అడ్డం ఉంది కాబట్టి మనం ఉన్నాం" అన్నాడు. కాకినాడ వాళ్లకి సముద్రానికి అడ్డంగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి ఎలాగో మాకు మడ అలాగ. తర్వాత స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు పల్లెల వాళ్లతో కలిసి, చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి, పాడైన చోట్లలోకి పోటునీళ్లు రప్పించి మడ మొక్కలు పెంచారు. తాతయ్య ఆ పనికి వెళ్లాడు. కూలి కోసమే వెళ్లాడు, కానీ ఆయన నాటిన వరస ఏదో నాకు చూపించి పోయాడు. అలాంటిది 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టి మట్టి పోశారు. గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది గొడవ. పేదవాళ్లకి ఇళ్లు కావాలి, నేను కాదనను, మేమూ గుడిసెలోంచి వచ్చినవాళ్లమే. కానీ ఊరంతా వెతికితే ఖాళీగా కనబడింది మడ ఒక్కటేనా? ఎందుకు కనబడిందో చెప్పనా? బురదే కదా అనుకున్నారు కాబట్టి.

అమ్మావాళ్లు చొల్లంగి అమావాస్యకి స్నానానికి వెళ్తారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ తిరిగే సప్తసాగర యాత్ర అక్కడే మొదలు. ఆ రోజు అదే బురదలో మోకాళ్ల దాకా దిగి, పసుపు కుంకుమలు వదిలి, ఆ నీళ్లే నెత్తిన చల్లుకుంటారు. ఆ ఒక్క రోజు ఎవరూ మొహం చిట్లించరు.

మీలో ఎవరైనా వెళ్లాలనుకుంటే నా మాట వినండి. మిగతావన్నీ పక్కన పెట్టి ఒక రోజు కేటాయించండి. పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడుండండి. ముందు రోజే అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేసి బోటు ఏ వేళకి కదులుతుందో కనుక్కోండి, నీళ్లని బట్టి మారుతుంది. హోప్ ఐలాండ్ మీద తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో అక్కడికి పోతామని పట్టుబట్టకండి, వాళ్లు వద్దంటే వద్దనే. పాటలు వద్దు. మెరిసే బట్టలు వద్దు. తాగే నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోండి. పక్కనే పల్లెల్లో ఎవరైనా పెద్దాయన కనిపిస్తే అడగండి, గైడు చెప్పని సంగతులు చెప్తాడు. అడిగేటప్పుడు కాస్త గౌరవంగా అడగండి.

గ్రూపులో నేను ఒక్కటే మెసేజ్ పెట్టి వచ్చాను. మీరంతా మీ ప్లాన్ ప్రకారం యానాం వెళ్లండి, పిల్లలిద్దరినీ తీసుకుని నేను తెల్లవారుజామునే కోరంగి వెళ్తున్నాను, అది మా అమ్మ పుట్టిన ఊరు, నేను పెరిగిన ఊరు అని. ఆ ఊరి పేరు నా చేత్తో అందరికీ రాయడం ఇదే మొదటిసారి. మరిది ఇంకా ఏమీ అనలేదు. మా ఆయన హాల్లోంచి లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు, "నువ్వు పెరిగింది అక్కడా?" అన్నారు. తర్వాత చెప్తానన్నాను.

అమ్మకి ఫోన్ చేశాను. తేదీ చెప్పబోతే, "తేదీలు నాకెందుకే, తిథి చెప్పు" అంది. గోడ మీది కేలండరు దింపి చూశాను. సప్తమి.

"అయితే పొద్దున్న పాటు దొరుకుతుంది. పెద్ద పాటు కాదు గానీ, బురద తేలుతుందిలే. నన్ను కూడా తీసుకెళ్తావా?" అంది.