గూళ్ల కాలంలో ఫోన్ పాటలు వద్దు

వసంతం వస్తే నదీతీరపు చిత్తడి నేలలకు పక్షి వీక్షకుల తాకిడి మొదలవుతుంది. మెడలో బైనాక్యులర్స్, భుజాన పొడవాటి లెన్సు, జేబులో ఫోను. ఇంత ఆసక్తి మంచిదే. పక్షుల గురించి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం జీతం తీసుకోని ఔత్సాహికుల చలవే. 1899లో గోరింక జాతి పిట్టల కాళ్లకు అల్యూమినియం కడియాలు తొడిగి వలసల అధ్యయనానికి దారి వేసిన డెన్మార్క్ వాసి మోర్టెన్‌సెన్ ఒక బడిపంతులు. 2002లో మొదలైన పక్షుల సమాచార వెబ్‌సైట్ ఈబర్డ్ నడుస్తున్నదీ మామూలు జనం పంపే జాబితాలతోనే.

మా అభ్యంతరమల్లా ఆ జేబులో ఫోను గురించే. రెల్లులో నక్కిన పిట్ట కనిపించకపోతే దాని పాట రికార్డింగ్ వినిపించి బయటికి రప్పించడం మామూలైపోయింది. పిట్ట వస్తుంది కూడా. వసంతంలో మగపిట్ట పాడేది జోడీ కోసం, ఈ చోటు తనదని చాటడం కోసం. తన హద్దులో మరో మగపిట్ట గొంతు వినబడితే మేత వదిలేసి తరమడానికి ఉరుకుతుంది. తీరా వస్తే అక్కడ మనిషే తప్ప పోటీదారు ఉండడు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఒంట్లో కొవ్వు కరిగిపోయిన వలస పిట్టకు ఇది ఉత్తి పుణ్యానికి టెన్షన్. ఆయన వెళ్లాక ఇంకొకరు వచ్చి అదే పాట పెడతారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనేవారు ఆ వరసను లెక్కలోకి తీసుకోరు. బయటికి రాని నీటికోళ్ల వంటి వాటిని లెక్కించడానికి పరిశోధకులు రికార్డింగులు వాడతారు, నిజమే. అది ఒక పద్ధతి ప్రకారం, పరిమితంగా జరిగే పని. ఫొటో కోసం గంటసేపు మోగించడానికి అది సాకు కాదు.

గూటి ఫొటోలది ఇంకా పెద్ద సమస్య. రెల్లు తొక్కితే దారి పడుతుంది, వేటాడే జంతువులకు అదే దారి. తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి, ఎండ తగిలితే మాడతాయి. రెల్లులో గూడల్లే వార్బ్లర్ పిట్టలకు, పరాయి గూళ్లలో గుడ్లు పెట్టే కకూ పక్షి బెడద ఎలాగూ ఉంది. తల్లి గూట్లో లేని అదను చూసి ఆడ కకూ ఒక గుడ్డు తీసేసి తన గుడ్డు పెట్టి పోతుంది, అదీ కొన్ని సెకన్లలోనే. ఆ పనికి దానికి మన సాయం అక్కర్లేదు.

చిత్తడిని ఆనుకున్న అడవిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నీళ్లలో చేపలు పట్టే నారాయణపక్షి గూడు కట్టేది ఎక్కువగా చెట్ల మీదే. గోల్డెన్‌ఐ బాతు చెట్టు తొర్రలో పొదుగుతుంది. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజులకే అంత ఎత్తునుంచి నేలకు దూకి తల్లి వెంట నీళ్లు చేరతాయి. శుభ్రం చేస్తున్నామంటూ ఎండిన చెట్టు కొట్టేస్తే తొర్ర కూడా పోతుంది. అయినా రక్షణ గీత చాలాచోట్ల నీటి అంచునే ఆగిపోతోంది. చిత్తడి నేలల రక్షణకు 1971లో దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం పక్కనున్న ఒడ్డు ప్రాంతాలనూ హద్దుల్లో కలుపుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. వాడుకోవాల్సింది ప్రభుత్వాలే. 1970-2015 మధ్య ప్రపంచంలో దాదాపు 35 శాతం చిత్తడి నేలలు పోయాయని ఆ ఒప్పంద సంస్థ 2018 నివేదికే చెప్పింది.

గూళ్ల నెలల్లో రెల్లు మధ్య కాలిబాటలు మూసేయాలి. చూడాలనుకునేవారికి దూరంగా మంచెలు కట్టాలి. రికార్డింగులు, డ్రోన్లు నిషేధమని ప్రవేశం దగ్గరే బోర్డు పెట్టాలి. ముప్పున్న జాతులు ఎక్కడ కనిపించాయో ఈబర్డ్ కచ్చితంగా చూపదు. వాట్సాప్ గ్రూపుల్లో గూటి లొకేషన్ పంపేవారు కూడా ఆ పాటి జాగ్రత్త పాటించాలి. ఫొటో పోటీల నిర్వాహకులు గూటి చిత్రాలు తీసుకోబోమని ఈ వసంతం ప్రకటనల్లోనే షరతు పెట్టాలి.